తల్లి మరణాన్ని చదవడం: వంశపారంపర్య రొమ్ము క్యాన్సర్ ఆత్మకథనాలలో జన్యు పరీక్ష, కౌన్సెలింగ్

వ్యాస సంగ్రహం:

రొమ్ము క్యాన్సర్ వంశపారంపర్య ముప్పును జన్యు పరీక్ష ద్వారా ముందుగా తెలుసుకునే వీలు 1990ల మధ్యకాలంలో ఏర్పడింది. ఆ పరీక్ష రాకకు ముందు వెలువడిన ఒక ఆత్మకథనాన్నీ, తర్వాత వెలువడిన ఇద్దరి రచనలనూ ఈ వ్యాసం తులనాత్మకంగా పరిశీలిస్తుంది. టెర్రీ టెంపెస్ట్ విలియమ్స్ 'రెఫ్యూజ్' (1991), మాషా గెస్సెన్ 'బ్లడ్ మ్యాటర్స్' (2008), ఏంజెలీనా జోలీ పత్రికా వ్యాసాలు (2013, 2015) ఇందుకు ఆధారాలు. తల్లి మరణానికి కారణం ఎక్కడుందన్న ప్రశ్న ఈ రచనల్లో క్రమంగా 'ఇప్పుడు నేనేం చేయాలి' అన్న ప్రశ్నగా మారిన తీరును, ఆ మార్పులో కుటుంబంలోని ఇతరులకు దక్కిన చోటును వ్యాసం చర్చిస్తుంది. కౌన్సెలింగ్‌ను ఒక కథన ప్రక్రియగా చూడటం, అది తెలుగులోకి వచ్చేటప్పుడు పదాల దగ్గర ఎదురయ్యే చిక్కులను గుర్తించడం ఈ వ్యాస లక్ష్యాలు.

కీలకపదాలు: ఆత్మకథనం, అనారోగ్య సాహిత్యం, జన్యు పరీక్ష, కౌన్సెలింగ్, వంశవృక్షం, బంధుత్వ పదాలు, స్త్రీ రచన.

1. ఉపోద్ఘాతం:

రొమ్ము క్యాన్సర్లలో అత్యధిక భాగం వంశపారంపర్యమైనవి కావు. సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన జన్యు మార్పుల వల్ల వస్తాయని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఈ కొద్ది శాతం చుట్టూ ఏర్పడిన సాహిత్యం మాత్రం చిన్నది కాదు. ఒకే ఇంట్లో అమ్మమ్మ, అమ్మ, పెద్దమ్మ వరుసగా అదే జబ్బుతో పోయినప్పుడు బతికి ఉన్నవారికి ఆ వరుస ఒక కథలాగా కనిపిస్తుంది. కథ కనుక దానికి తర్వాతి అధ్యాయం ఉంటుందన్న భయం కూడా వెంట వస్తుంది.

మేరీ-క్లెయిర్ కింగ్ 1990లో ఈ ముప్పుకు సంబంధించిన ఒక జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని నిరూపించారు. 1994లో ఆ జన్యువును (బీఆర్‌సీఏ-1), 1995లో బీఆర్‌సీఏ-2ను శాస్త్రవేత్తలు వేరుచేసి గుర్తించగలిగారు. ఈ జన్యువులు ప్రతి మనిషిలోనూ ఉంటాయి. దెబ్బతిన్న డీఎన్ఏను సరిచేయడంలో తోడ్పడటం వాటి పని. వాటిలో హానికరమైన మార్పు ఉన్నప్పుడే ముప్పు పెరుగుతుంది. ఆ మార్పు ఉన్నవారి సంతానంలో ప్రతి ఒక్కరికీ, ఆడైనా మగైనా, అది సంక్రమించే సంభావ్యత 50 శాతం. 2017లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 80 ఏళ్ల వయసు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ సోకే సంభావ్యత బీఆర్‌సీఏ-1లో మార్పు ఉన్న స్త్రీలలో 72 శాతం, బీఆర్‌సీఏ-2లో మార్పు ఉన్నవారిలో 69 శాతం. అండాశయ క్యాన్సర్ విషయంలో ఇవి వరుసగా 44, 17 శాతాలు.

ఈ అంకెలు వైద్యానికి సంబంధించినవి. వాటిని విన్న మనిషి వాటితో ఏం చేస్తుంది, ఎవరికి చెబుతుంది, ఎవరి దగ్గర దాస్తుంది, చనిపోయిన తల్లిని ఏ రూపంలో మళ్లీ గుర్తు చేసుకుంటుంది అన్నవి సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నలు. జన్యు పరీక్ష ఫలితం ఒక్క మనిషి పేరున వస్తుంది గాని, అందులోని సమాచారం ఆ మనిషి ఒక్కరిదే కాదు. ఆత్మకథ 'నేను' అనే ఏకవచనం మీద నిలబడే ప్రక్రియ. ఈ రెండూ కలిసినచోట పుట్టే ఒత్తిడిని రచయితలు ఎలా ఎదుర్కొన్నారన్నదే ఈ రచనల విలువను తేల్చే గీటురాయి అన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. కౌన్సెలింగ్ – ఒక కథన ప్రక్రియ:

జన్యు పరీక్ష రక్తనమూనాతో మొదలవుతుందని సాధారణంగా అనుకుంటారు. నిజానికి అది కథతో మొదలవుతుంది. కౌన్సెలర్ ముందు కూర్చున్న వ్యక్తి కనీసం మూడు తరాల కుటుంబ చరిత్ర చెప్పాలి. ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో వచ్చింది, వారు తల్లివైపువారా తండ్రివైపువారా, కుటుంబంలో మగవారెవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అన్న ప్రశ్నలకు జవాబులు కావాలి. ఆ జవాబులు వంశవృక్ష చిత్రంగా మారతాయి. అందులో చతురస్రం పురుషుడు, వృత్తం స్త్రీ. జబ్బు వచ్చినవారి గుర్తును నలుపుతో నింపుతారు. మరణించినవారి మీదుగా ఒక అడ్డగీత గీస్తారు. ఎవరి వల్ల ఈ విచారణ మొదలైందో ఆ వ్యక్తిని బాణం గుర్తు చూపుతుంది.

సాహిత్య విద్యార్థికి ఈ చిత్రం ఆసక్తికరమైన పాఠం. ఒక కుటుంబంలోని దుఃఖమంతా అందులో ఉంది. దుఃఖానికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు. తల్లి ఎలా పోయిందో, చివరి నెలల్లో ఎవరు దగ్గరున్నారో అందులో కనిపించదు. ఆత్మకథనం సరిగ్గా ఆ చిత్రం వదిలేసిన చోటనే మొదలవుతుంది. అందువల్ల వంశవృక్ష చిత్రం, ఆత్మకథనం ఒకే సమాచారానికి రెండు పోటీ రూపాలు.

ఈ రూపానికి పాత చరిత్ర ఉంది. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1866లో తన భార్య కుటుంబంలో నాలుగు తరాల పాటు సాగిన క్యాన్సర్ మరణాలను నమోదు చేశాడు. వంశపారంపర్య రొమ్ము క్యాన్సర్‌ను వివరించిన తొలినాటి రచనల్లో అదొకటి. ఆ వంశానికి మూలమైన స్త్రీకి అందులో పేరు లేదు, 'మదామ్ జెడ్' అన్న అక్షరం మాత్రమే ఉంది. అల్లుడు రాసిన ఈ వంశచరిత్రలో ఆ ఇంటి ఆడవారు సాక్ష్యాలుగా ఉన్నారు గాని కథకులుగా లేరు. తర్వాతి కాలంలో కూతుళ్లు రాసిన ఆత్మకథనాలను ఈ మౌనానికి వచ్చిన జవాబుగా చదవవచ్చు.

'జెనెటిక్ కౌన్సెలింగ్' అన్న పేరును 1947లో షెల్డన్ రీడ్ వాడుకలోకి తెచ్చాడు. 'మంచి జాతి'ని పెంచాలన్న పేరుతో మనుషుల సంతానహక్కును నియంత్రించిన యుజెనిక్స్ ఉద్యమం నుంచి ఈ పనిని వేరు చేయడం అతని ఉద్దేశం. ఆ తర్వాత ఈ వృత్తికి ఒక ప్రధాన సూత్రం స్థిరపడింది: కౌన్సెలర్ సమాచారం ఇవ్వాలి, అర్థమయ్యేలా వివరించాలి, నిర్ణయం మాత్రం ఎదుటివారికి వదలాలి. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఇందులో భాగమే. వినడం, తిరిగి చెప్పడం, ముగింపును ఎదుటివారికి విడిచిపెట్టడం అన్న ఈ మూడు అంశాలను బట్టి కౌన్సెలింగ్‌ను కథన ప్రక్రియ అనడం అతిశయోక్తి కాదు.

3. 'రెఫ్యూజ్': ఒకే వంశవృక్షం, రెండు పఠనాలు:

టెర్రీ టెంపెస్ట్ విలియమ్స్ 'రెఫ్యూజ్' 1991లో వెలువడింది. అమెరికాలోని ఉటా రాష్ట్రం, అక్కడి మార్మన్ మత సమాజం ఈ రచనకు నేపథ్యం. 1980లలో గ్రేట్ సాల్ట్ సరస్సు పొంగి పక్షుల అభయారణ్యాన్ని ముంచేసిన కాలంలోనే రచయిత్రి తల్లి అండాశయ క్యాన్సర్‌తో చనిపోయింది. అండాశయ క్యాన్సర్ బయటపడటానికి పన్నెండేళ్ల ముందే ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ప్రతి అధ్యాయానికీ ఒక పక్షి పేరు, దాని కింద సరస్సు నీటిమట్టం అంకె శీర్షికలుగా ఉంటాయి. నీటిమట్టం పెరిగినకొద్దీ తల్లి ఆరోగ్యం క్షీణిస్తుంది. వైద్యుల అంకెలు తల్లి గురించి చెప్పలేనిదాన్ని సరస్సు అంకెలు చెబుతాయి.

పుస్తకం చివరి భాగంలో రచయిత్రి తన కుటుంబాన్ని ఒంటిరొమ్ము స్త్రీల వంశంగా పేర్కొంటుంది. తల్లి, నానమ్మ, అమ్మమ్మ, మరో ఆరుగురు దగ్గరి బంధు స్త్రీలు రొమ్ము తొలగింపు శస్త్రచికిత్స చేయించుకున్నవారే. వారిలో ఏడుగురు మరణించారు. చిన్నప్పటి నుంచి తనకు కలలో కనిపించే పెద్ద వెలుగు గురించి తండ్రికి చెప్పినప్పుడు, అది కల కాదనీ, 1957లో కారులో వస్తూ కుటుంబమంతా చూసిన అణుబాంబు పరీక్ష వెలుగనీ ఆయన చెబుతాడు. నెవాడా ఎడారిలో 1951 నుంచి 1962 వరకు బహిరంగ వాతావరణంలో జరిగిన అణుపరీక్షల ధూళి గాలివాటుగా ఉటా మీద పడింది. క్యాన్సర్ వంశపారంపర్యమన్న మాట రచయిత్రికి తెలియనిది కాదు. ఆ వివరణను ప్రస్తావించి మరీ, ఉటాలో నివసించడం అనే ముప్పును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని ఆమె వాదిస్తుంది. దేవుడినీ ప్రభుత్వాన్నీ ప్రశ్నించకుండా విధేయంగా ఉండటమే తన ఇంటి ఆడవారిని చంపిందన్న నిర్ధారణకు వస్తుంది.

ఇక్కడ ఒక చారిత్రక సన్నివేశం గమనించదగినది. మార్మన్‌లు మతవిశ్వాసంలో భాగంగా తమ వంశావళులను శ్రద్ధగా భద్రపరుస్తారు. ఆ వంశావళులను వైద్య సమాచారంతో జోడించిన ఉటా పరిశోధకుల బృందమే 1994లో బీఆర్‌సీఏ-1ను వేరుచేసింది. ఒకే రాష్ట్రంలో, దాదాపు ఒకే కాలంలో, ఒకే మత సమాజపు కుటుంబ స్మృతిని ఇద్దరు చదివారు. శాస్త్రవేత్తకు అందులో జన్యువు కనిపించింది. కూతురికి బాంబు కనిపించింది.

ఏ పఠనం సరైనదని తేల్చడం విమర్శకుని పని కాదు. రచనలోని ఆధారాలు ఎటు మొగ్గుతున్నాయో చూడవచ్చు. రొమ్ము క్యాన్సర్ తర్వాత అదే స్త్రీకి అండాశయ క్యాన్సర్ రావడం నేటి కౌన్సెలర్ విడిచిపెట్టని వివరం. అయితే ఆ 'వంశం'లో తల్లివైపు అమ్మమ్మతో పాటు తండ్రివైపు నానమ్మ కూడా ఉంది. ఈ ఇద్దరూ వివాహం ద్వారా కలిసిన రెండు వేర్వేరు కుటుంబాలవారు. ఒకే జన్యు మార్పు ఇద్దరినీ వివరించడం కష్టం. ఒకే గాలి పీల్చడం వివరించగలదు. అందుకే విలియమ్స్ వాడిన వంశం అన్న భావన రక్తసంబంధాన్ని దాటి, ఒకే నేల మీద ఒకే అన్యాయానికి గురైనవారి సముదాయంగా విస్తరిస్తుంది.

అణుధూళి బాధితులకు పరిహారం ఇచ్చే చట్టాన్ని అమెరికా 1990లో చేసింది. రొమ్ము క్యాన్సర్ కూడా ఆ జాబితాలో ఉంది. కారణం జన్యువులో ఉంటే బాధ్యత ఎవరిదీ కాదు. కారణం బాంబులో ఉంటే బాధ్యత ప్రభుత్వానిది. జన్యు పరీక్ష గురించిన ఏ చర్చలోనైనా 'రెఫ్యూజ్'ను ముందుగా చదవవలసిన అవసరం ఇక్కడే ఉంది. వంశపారంపర్యం అన్న వివరణ నిజమైనప్పుడు ప్రాణాలు కాపాడుతుంది. తొందరపడి అంటగట్టినప్పుడు నేరాన్ని కప్పిపుచ్చుతుంది.

4. 'బ్లడ్ మ్యాటర్స్': తెలిసిన తర్వాత:

మాషా గెస్సెన్ తల్లి 1992లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించారు. 2004లో గెస్సెన్ జన్యు పరీక్ష చేయించుకోగా బీఆర్‌సీఏ-1లో హానికరమైన మార్పు ఉన్నట్లు తేలింది. ఆ అనుభవాన్ని అదే ఏడాది వరుస వ్యాసాలుగా రాసి, 2008లో 'బ్లడ్ మ్యాటర్స్' పుస్తకంగా విస్తరించారు. గెస్సెన్ జన్మించిన అష్కెనాజీ యూదు సమాజంలో సుమారు 40 మందిలో ఒకరికి బీఆర్‌సీఏ మార్పులు ఉంటాయి.

విలియమ్స్‌కు కారణం తెలియదు, వెతకాలి. గెస్సెన్‌కు కారణం తెలుసు, దానితో బతకాలి. ఈ తేడా రచనారూపాన్నే మార్చేసింది. 'రెఫ్యూజ్' శోకగీతం లాగా సాగితే, 'బ్లడ్ మ్యాటర్స్' పాత్రికేయ పరిశోధన లాగా సాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని తీయించుకోవాలా అన్న ప్రశ్నతో గెస్సెన్ వైద్యుల దగ్గరికే గాక ఆర్థికశాస్త్రవేత్త దగ్గరికి కూడా వెళ్తారు. సంభావ్యతను జీవితకాలపు లాభనష్టాలుగా లెక్కకట్టే ప్రయత్నం చేస్తారు. ఈ ఘట్టాల్లో వ్యంగ్యం ఉంది గాని వెటకారం లేదు. లెక్క ఎంత కచ్చితంగా వేసినా తీర్పు లెక్కలో నుంచి రాదన్న అవగాహన పాఠకునికి క్రమంగా కలుగుతుంది. గెస్సెన్ చివరకు రొమ్ముల తొలగింపు శస్త్రచికిత్సను ఎంచుకున్నారు. ఆ ఎంపికను ఆదర్శంగా నిలబెట్టే ప్రయత్నం మాత్రం పుస్తకంలో కనిపించదు.

ఈ పుస్తకపు అసలు బలం 'నేను' నుంచి బయటికి వెళ్లడంలో ఉంది. సొంత కథ పుస్తకంలో ఒక భాగం మాత్రమే. హంటింగ్టన్ వ్యాధి ఉన్న కుటుంబాలు, పెన్సిల్వేనియాలో అరుదైన జన్యువ్యాధులతో జీవించే మెన్నోనైట్ సమాజం, సనాతన యూదుల వివాహ సంబంధాల కోసం 1983లో ఏర్పడిన దోర్ యెషోరిమ్ అనే పరీక్షా వ్యవస్థ మిగతా భాగాల్లో వస్తాయి. దోర్ యెషోరిమ్ విధానంలో యువతీయువకులకు తమ వ్యక్తిగత ఫలితం చెప్పరు. ఇద్దరి సంబంధం కుదురుతుందా లేదా అన్నంతవరకే చెబుతారు. ఇటువంటి చోట జ్ఞానాన్ని సమాజం తన దగ్గర ఉంచుకుని వ్యక్తికి భారం తగ్గిస్తుంది. బీఆర్‌సీఏ పరీక్షలో భారమంతా వ్యక్తి మీదే పడుతుంది. ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టడం ద్వారా, తెలుసుకోవడం దానంతటదే విముక్తి అన్న నమ్మకాన్ని గెస్సెన్ ప్రశ్నకు గురిచేశారు.

లోపం కూడా లేకపోలేదు. గెస్సెన్ వాక్యం తెలివికి ఎంత చోటిస్తుందో శోకానికి అంత చోటివ్వదు. 'రెఫ్యూజ్'లో తల్లి ఒక సంపూర్ణ పాత్ర. మాట్లాడుతుంది, నవ్వుతుంది, చికిత్స వద్దంటుంది. 'బ్లడ్ మ్యాటర్స్'లో తల్లి మరణం అన్నిటికీ మూలంగా ఉన్నా, పరిశోధన వేగంలో ఆమె తరచు వంశవృక్షంలోని నల్లని వృత్తంగా వెనక్కి వెళ్తుంది. ఫలితం తెలిసినవారికి గతం కన్నా భవిష్యత్తు దగ్గరగా ఉంటుంది కాబోలు.

5. జోలీ వ్యాసాలు: నిర్ణయమే కథ అయినప్పుడు:

2013 మే 14న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఏంజెలీనా జోలీ రాసిన చిన్న వ్యాసం ప్రపంచమంతటా చదువరులను చేరింది. ఆమె తల్లి దాదాపు పదేళ్లు క్యాన్సర్‌తో పోరాడి 56 ఏళ్లకు మరణించింది. బీఆర్‌సీఏ-1లో మార్పు ఉన్నందున తనకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 87 శాతం, అండాశయ క్యాన్సర్ ముప్పు 50 శాతం ఉన్నట్లు వైద్యులు అంచనా వేశారనీ, శస్త్రచికిత్సల తర్వాత రొమ్ము క్యాన్సర్ ముప్పు 5 శాతం లోపుకు తగ్గిందనీ ఆమె తెలియజేసింది. శరీరాకృతి మీదనే జీవనం ఆధారపడిన నటి ఇలా బహిరంగంగా రాయడంలోని ధైర్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. పరీక్షకు అమెరికాలో 3,000 డాలర్లకు పైగా ఖర్చవుతుందనీ, చాలామంది స్త్రీలకు అది అడ్డంకి అనీ కూడా ఆమె రాసింది. అప్పటికి ఈ జన్యువుల మీద పేటెంట్ హక్కులు ఒక సంస్థ చేతిలో ఉన్నాయి. సరిగ్గా నెల తర్వాత, జూన్ 13న, సహజంగా ఉన్న జన్యువు మీద పేటెంట్ చెల్లదని అమెరికా సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది.

ఈ వ్యాసాన్ని కథనంగా చూసినప్పుడు దాని నిర్మాణం స్పష్టమవుతుంది. తల్లి మరణం, పరీక్ష, అంకె, శస్త్రచికిత్స, ఊరట అన్న ఐదు మెట్లు తడబాటు లేకుండా వరుసగా వస్తాయి. అంకెకూ శస్త్రచికిత్సకూ నడుమ ఉండవలసిన సంభాషణ, సంశయం, నిరీక్షణ దాదాపు కనిపించవు. కౌన్సెలింగ్ గది ఈ కథలో లేదు. విస్మరించరాని మరో మౌనం కూడా ఉంది. తల్లిని కోల్పోతామన్న భయం తన పిల్లలకు ఇక అక్కరలేదని జోలీ రాస్తుంది. ఆమె కన్న పిల్లల్లో ఒక్కొక్కరికి అదే మార్పు సంక్రమించి ఉండే సంభావ్యత 50 శాతమన్న మాట అందులో రాదు. పిల్లలు తల్లి కోసం భయపడేవారుగా ఉన్నారు గాని, రేపు అదే కుర్చీలో కూర్చోవలసినవారుగా లేరు. వారి గోప్యతను కాపాడటానికే ఆమె ఆ మాట రాయకపోయి ఉండవచ్చు. అదే నిజమైతే ఆ మౌనం సంస్కారమే. అయినా వ్యాసం చదివిన కోట్లమందికి మిగిలింది ఒక వ్యక్తి, ఒక అంకె, ఒక నిర్ణయం మాత్రమే.

పాఠకులు దీన్ని ఎలా స్వీకరించారన్నదానికి ఆధారాలున్నాయి. బ్రిటన్‌లో జన్యు వైద్యకేంద్రాలకు వచ్చేవారి సంఖ్య ఆ జూన్, జూలై నెలల్లో అంతకు ముందటి ఏడాది కన్నా సుమారు రెండున్నర రెట్లు అయింది. అమెరికాలో 2,500 మందికి పైగా పెద్దలతో జరిపిన ఒక సర్వేలో నలుగురిలో ముగ్గురికి జోలీ కథ తెలుసు. ఆమె ముప్పును సాధారణ స్త్రీ ముప్పుతో పోల్చి సరిగా అర్థం చేసుకోగలిగినవారు పదిశాతం లోపే. కథ చేరింది, అర్థం చేరలేదు. 87 శాతం అన్న అంకె జోలీకి సంబంధించిన అంచనా. చదువరి దాన్ని తనదిగా వినడం ఈ కథన నిర్మాణంలోనే ఉన్న ప్రమాదం.

2015 మార్చి 24న వచ్చిన రెండో వ్యాసం ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దింది. అండాశయాలను, ఫాలోపియన్ నాళాలను తీయించుకున్న సంగతి చెబుతూనే, పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన శస్త్రచికిత్సకు పరుగెత్తనక్కరలేదనీ, వేరే మార్గాలున్నాయనీ ఆమె స్పష్టంగా రాసింది. తల్లితో పాటు అమ్మమ్మ, పిన్ని మరణాలు కూడా ఇందులో ప్రస్తావనకు వచ్చాయి. మొదటి వ్యాసంలోని 'నేను' ఇక్కడ కొంత 'మేము'గా మారింది. అయితే లోకానికి గుర్తున్నది మొదటి వ్యాసమే.

6. తెలుగులో ఈ కథ చెప్పవలసి వస్తే:

తెలుగు పాఠకులకు ఈ విషయం ప్రధానంగా జోలీ వార్త ద్వారానే పరిచయమైంది. అందువల్ల నిర్ణయ కథనంలోని సౌలభ్యాలూ లోపాలూ తెలుగు చర్చలోకి కూడా వచ్చాయి. భాష దగ్గర మరికొన్ని చిక్కులు చేరాయి.

మొదటిది 'సలహా'. జన్యు కౌన్సెలింగ్‌ను తెలుగులో 'జన్యు సలహా' అనడం ఉంది. సలహా ఇవ్వడమంటే ఏం చేయాలో చెప్పడం. కౌన్సెలింగ్ సూత్రం సరిగ్గా దానికి వ్యతిరేకం. 'డాక్టరుగారు ఏమన్నారు' అన్న ప్రశ్నతో ఇల్లంతా ఎదురుచూసే సమాజంలో ఈ పదం కౌన్సెలర్‌ను ఆజ్ఞాపకునిగా మారుస్తుంది.

రెండోది 'అవకాశం'. 'క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది' అన్నది పత్రికల్లో అలవాటైన వాక్యం. అవకాశం కోరుకునేదాన్ని కూడా సూచించే మాట. 'సంభావ్యత' పాఠ్యపుస్తకాల్లోనే ఉండిపోయింది. 'ముప్పు' భయాన్ని చెబుతుంది గాని పరిమాణాన్ని చెప్పదు. అలాగే 'క్యాన్సర్ జన్యువు' అన్న ప్రయోగం, అందరిలో ఉండే జన్యువునే జబ్బుగా చిత్రిస్తుంది.

మూడోది, అన్నిటికన్నా లోతైనది, 'వంశం'. తెలుగు సమాజంలో వంశం ఇంటిపేరుతో నడుస్తుంది. పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. జన్యువుకు ఇంటిపేరు తెలియదు. నానమ్మకు గాని మేనత్తకు గాని వచ్చిన జబ్బు తండ్రి ద్వారా కూతురికి ముప్పు తేవచ్చు. ఆ తండ్రి జీవితమంతా ఆరోగ్యంగా ఉండవచ్చు. రొమ్ము క్యాన్సర్ ఆడవారి జబ్బు కనుక తల్లివైపే చూడాలన్న అభిప్రాయం వల్లా, పెళ్లయిన మేనత్త 'వేరే ఇంటి మనిషి' అన్న భావన వల్లా ఈ దారి కనిపించకుండా పోతుంది.

బంధుత్వ పదాల దగ్గర తెలుగుకు ఒక బలమూ ఉంది, ఒక బలహీనతా ఉంది. ఆంగ్లంలో ఒకే మాటతో పిలిచే బంధువులను తెలుగు పెద్దమ్మ, పిన్ని, మేనత్త అని వేరు చేస్తుంది. తల్లివైపా తండ్రివైపా అన్న సమాచారం పలు సందర్భాల్లో పిలుపులోనే దొరుకుతుంది. అయితే 'పిన్ని' తల్లి చెల్లెలు కావచ్చు, బాబాయి భార్య కావచ్చు. మొదటామె రక్తసంబంధి, రెండో ఆమె సాధారణంగా కాదు. 'మా అక్కకు వచ్చింది' అన్న మాటలోని అక్క సొంత అక్క కావచ్చు, పెద్దమ్మ కూతురు కావచ్చు. పెదనాన్న కూతురు అక్క అవుతుంది, మేనత్త కూతురు వదిన అవుతుంది. పిలుపులో ఇంత దూరమున్న ఈ ఇద్దరూ జన్యుపరంగా సమాన దూరంలోనే ఉంటారు. 'సొంత అక్కా, వరసకు అక్కా?' అన్న ఇంటి ప్రశ్న కౌన్సెలింగ్‌లో నిర్ణాయకమైన ప్రశ్న అవుతుంది.

మేనరికాలు వంశవృక్ష చిత్రాన్ని మరింత క్లిష్టం చేస్తాయి. మేనమామ మేనకోడలిని పెళ్లాడిన ఇంట్లో పుట్టిన బిడ్డకు అమ్మమ్మే మేనత్త కూడా. చిత్రంలో ఒకే వృత్తం తల్లివైపూ తండ్రివైపూ నిలుస్తుంది. 'ఏ వైపు' అన్న ప్రశ్నకు అక్కడ ఒకే జవాబు ఉండదు. ఇటువంటి కుటుంబాల్లో బీఆర్‌సీఏ-2 మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే బిడ్డకు సంక్రమిస్తే ఫాంకోనీ రక్తహీనత అనే తీవ్రవ్యాధి కలగవచ్చు. ఆంగ్ల ఆత్మకథనాల్లో ఎక్కడా ఎదురుకాని ఈ పరిస్థితి తెలుగు కథనానికి సొంత వస్తువు.

ఇక మౌనం సంగతి. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో తల్లి జబ్బు పేరును బయట పెట్టకపోవడం తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. 'లోపల గడ్డ', 'పెద్ద జబ్బు' అన్న మాటలతో ఒక తరం మరణాలు గడిచిపోయాయి. మూడు తరాల చరిత్ర అడిగే కౌన్సెలర్‌కు ఆ మాటలు సరిపోవు. పరీక్ష చేసినా ప్రతిసారీ తేటతెల్లమైన జవాబు రాదు. జన్యు సమాచార నిధుల్లో ఐరోపా సంతతివారి నమూనాలే ఎక్కువ కనుక ఇతర సమాజాల్లో 'ప్రాముఖ్యత తేలని మార్పు' అన్న ఫలితం ఎక్కువగా వస్తుంది. జోలీ కథనంలోని ఐదు మెట్లలో దీనికి చోటు లేదు. చాలామంది నిజంగా నిలబడవలసిన మెట్టు మాత్రం ఇదే కావచ్చు.

7. ముగింపు:

పరిశీలించిన రచనల ఆధారంగా ఈ కింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

1. జన్యు పరీక్ష రాకతో ఈ ఆత్మకథనాల్లోని కేంద్ర ప్రశ్న 'మాకు ఇలా ఎందుకు జరిగింది' నుంచి 'నేనేం చేయాలి'కి మారింది. ఈ మార్పు వ్యక్తికి శక్తినిచ్చింది. పర్యావరణం, ప్రభుత్వ బాధ్యత వంటి ప్రశ్నలను వెనక్కి నెట్టింది.

2. విలియమ్స్ వంశాన్ని రక్తం దాటి నేల వరకు విస్తరించింది. గెస్సెన్ సొంత ఫలితం నుంచి ఇతర సమాజాల అనుభవాల వైపు నడిచారు. అన్నిటికన్నా ఎక్కువమందిని చేరిన జోలీ తొలి వ్యాసం 'నేను' దగ్గరే ఆగింది. రెండో వ్యాసం దాన్ని కొంత సవరించింది.

3. ఫలితం ఒకరిది, సమాచారం అందరిది. తెలుసుకోదలచని తోబుట్టువు, ఇంకా అడిగే వయసు రాని బిడ్డ కూడా ఈ కథల్లో పాత్రలే. వారికి ఎంత చోటిచ్చిందన్నది ఈ రకం రచనను తూచడానికి ఒక ప్రమాణం.

4. తెలుగులో ఈ అంశం మీద రాసేవారికి, అనువదించేవారికి, పాఠ్యాంశాలు తయారుచేసేవారికి సలహా, అవకాశం, వంశం అన్న పదాల పునఃపరిశీలన అవసరం. తెలుగు బంధుత్వ వ్యవస్థను, మేనరికాలను పట్టించుకోని అనువాదం వైద్యపరంగా కూడా పొరపాట్లకు దారితీస్తుంది.

బ్రోకా రాసిన వంశచరిత్రలో మూలస్త్రీకి ఒక్క అక్షరమే దక్కింది. తర్వాతి కాలంలో కూతుళ్లు తల్లులకు పేర్లూ మాటలూ తిరిగి ఇచ్చారు. తెలుగు ఇళ్లలో 'పెద్ద జబ్బు' అన్న మాట వెనుక ఉండిపోయిన పెద్దమ్మలకు, మేనత్తలకు ఆ పని ఇంకా జరగవలసి ఉంది. ఆ కథలు బయటికి వచ్చినప్పుడు వాటిని వినే కౌన్సెలర్‌కూ, చదివే విమర్శకునికీ కావలసిన పరికరం ఒక్కటే: ఎవరు ఎవరికి ఏమవుతారో ఓపికగా అడిగి తెలుసుకునే భాష.